ఒక్కరే చేసే సర్వీసు పనిలో ఇంటికి సమయం ఎక్కడినుంచి తేవాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల రిపేరు పని ఒక్కరే చేస్తున్నారు. ఆఫీసు అంటూ వేరే లేదు, ఇల్లే. ఫోన్లు మీ ఆవిడ ఎత్తుతారు. ఇద్దరు చిన్నపిల్లలు. ఉదయం 8కి బయల్దేరితే ఇల్లు చేరేసరికి రాత్రి 9. రోజుకు ఐదు పనులు, వారానికి ఆరు రోజులు, ఆదివారం కూడా ఒకటో రెండో తప్పడం లేదు. ఇంత తిరిగినా నెలాఖరుకు చేతిలో మిగిలేది తక్కువే. సమయాన్ని ఎలా సర్దుకోవాలని అడిగారు.

మీరు అడిగింది సమయం గురించే అయినా జవాబులో ఎక్కువ భాగం ధర గురించి ఉంటుంది. పొద్దున్నే లేవడం, జాబితాలు రాసుకోవడం లాంటి సలహాలు మీకు పనికిరావు. మీరు ఇప్పటికే వళ్ళు దాచుకోకుండా పని చేస్తున్నారు. మీరు డబ్బు తీసుకోకుండా ఇచ్చేస్తున్న గంటలు ఎన్నో, అవి ఎటు పోతున్నాయో ముందు తేలాలి.

రెండు వారాలపాటు ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకోండి. ప్రతి పనికీ ఐదు విషయాలే రాయండి: బయల్దేరిన సమయం, తలుపు తట్టిన సమయం, పని ముగించి బయటికొచ్చిన సమయం, డబ్బు చేతికి వచ్చిన తేదీ, ఇది కొత్త పనా లేక పాత పనికే మళ్ళీ వెళ్ళారా. సాయంత్రం గుర్తు చేసుకుని రాస్తే లెక్క తప్పుతుంది. ప్రయాణం, ఫోన్లు, స్పేర్ల కోసం తిరగడం మనకు పనిలా అనిపించవు కాబట్టి అవే జారిపోతాయి. బండి దగ్గర నిలబడి అప్పటికప్పుడు రాయండి.

మీరు చెప్పిన అంకెలతోనే ఒక అంచనా వేద్దాం. ఒక్కో పనికి 75 నిమిషాలు, ఒక్కో ప్రయాణానికి 35 నిమిషాలు అనుకోండి. ఐదు పనులకు 375 నిమిషాలు. ఇంటినుంచి బయల్దేరి తిరిగి ఇల్లు చేరేదాకా ఆరు ప్రయాణాలు, 210 నిమిషాలు. మొత్తం 9 గంటల 45 నిమిషాలు. స్పేర్ల కొట్టు, ఫోన్లు, భోజనం, దారిలో ఆగిన చోట్లు కలిపితే 13 గంటలు ఎలా అవుతున్నాయో తెలిసిపోతుంది. ఇప్పుడు అవే ఐదు పనులను ఒకే ప్రాంతంలో పెట్టండి. మొదటి, చివరి ప్రయాణాలు 35 నిమిషాల చొప్పున అలాగే ఉంటాయి. మధ్యలోని నాలుగూ ఒక్కోటి 15 నిమిషాలకు తగ్గిపోతాయి. మొత్తం 8 గంటల 25 నిమిషాలు. ఒక్క పని కూడా వదులుకోకుండా రోజుకు 80 నిమిషాలు మిగిలాయి.

అందుకే మొదట ఊరిని నాలుగైదు భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి ఒక్కో రోజు కేటాయించండి. ఫోన్ చేసినవారికి 'మీ వైపు మంగళవారం వస్తాను' అని చెప్పండి. ఎప్పుడు వస్తారో ఖచ్చితంగా తెలిస్తే చాలామంది రెండు రోజులు ఆగుతారు. 'ఈరోజే చూస్తాను' అని రాకపోతేనే వాళ్ళకు కోపం వస్తుంది.

రోజుకు ఐదు స్లాట్లు ఉన్నా ముందుగా నాలుగే ఇవ్వండి. ఐదోది ఆ ఉదయం వరకు ఖాళీగా ఉంచండి. రావలసిన పనిని వదులుకున్నట్టు అనిపించి ఇది చాలామందికి మింగుడుపడదు. దీని వెనక గట్టి లెక్కే ఉంది. కాల్స్ ఎప్పుడు వస్తాయో, ఒక్కో పని ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియని చోట ఒక్క మనిషి పని చేస్తుంటే, క్యూ సిద్ధాంతంలోని (వరుసలో ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్కగట్టే గణితం) అన్నిటికన్నా సరళమైన నమూనా ప్రకారం, అతని సమయం 80 శాతం నిండినప్పుడు సగటు నిరీక్షణ ఒక పనికి పట్టే సమయానికి 4 రెట్లు. 90 శాతం నిండితే 9 రెట్లు. 95 శాతం నిండితే 19 రెట్లు. మీ పనికి ఈ అంకెలు అచ్చంగా సరిపోకపోవచ్చు, కానీ తీరు ఇదే. చివరి కొద్ది ఖాళీనీ నింపేస్తే ఉదయం ఒక పని 40 నిమిషాలు ఆలస్యమైనా ఆ ఆలస్యం పోగుపడుతూ చివరికి పిల్లలు నిద్రపోయే వేళకు మీ ఇంటి గుమ్మం దగ్గర తేలుతుంది. ఖాళీ స్లాట్ ఆ ఆలస్యాన్ని మధ్యలోనే పీల్చుకుంటుంది. మళ్ళీ పిలిచే పాత కస్టమర్లు, నిజమైన అత్యవసరాలు కూడా అందులోనే పడతాయి.

ఇక అసలు విషయం, ఉచితంగా తిరిగి వెళ్ళే పనులు. చేసిన పనే మళ్ళీ చెడిందని పిలుపు వస్తే డబ్బు రాదు. కస్టమర్ కోపంగా ఉంటారు కాబట్టి వాయిదా వేయలేరు. పగటి స్లాట్లన్నీ నిండి ఉంటాయి కాబట్టి సాయంత్రం వెళ్తారు. అంటే అది నేరుగా ఇంటి సమయంలోంచే పోతుంది. నెలకు పది ఇలాంటివి ఉంటే, పనికీ ప్రయాణానికీ కలిపి 110 నిమిషాల చొప్పున 18 గంటలు దాటుతుంది. మీ పిల్లలతో గడపాల్సిన సాయంత్రాల్లో ఎన్ని ఇందులో కలిసిపోయాయో మీరే లెక్కేసుకోండి.

ఇవి ఎందుకు వస్తాయో మీకు తెలియనిది కాదు, అయినా హడావుడిలో జారే చోట్లు చెప్తాను. ఫ్రిజ్‌లో గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. మూసి ఉన్న వ్యవస్థలో గ్యాస్ వాడుకకు ఖర్చయ్యేది కాదు. లీకు వెతకకుండా గ్యాస్ నింపి వస్తే తిరిగి వెళ్ళే తేదీని మీరే రాసిచ్చినట్టు. వాషింగ్ మెషీన్ నీళ్ళు వదలడం లేదంటే పంపు మార్చి రావడంతో సరిపోదు. పైపు మడత, ఫిల్టర్‌లో ఇరుక్కున్న నాణెం లేదా పిన్ను, బయటికి పోయే గొట్టం ఎత్తు, ఈ మూడూ చూడకపోతే కొత్త పంపుతో కూడా అదే ఫిర్యాదు వస్తుంది. వణుకుతోందన్న మెషీన్లలో చాలావాటికి కాళ్ళ మట్టం సరిచేస్తే చాలు. పని ముగిశాక పది పదిహేను నిమిషాలు ఆగి, నీళ్ళు నింపి, వదిలి, స్పిన్ తిప్పి, కస్టమర్‌కు చూపించి, ఒక ఫోటో తీసి, దేనికి ఎన్ని రోజుల హామీయో బిల్లు మీద రాయండి. 'మోటారు మార్చాను, మోటారుకే హామీ' అని రాసి ఉంటే మూడు నెలల తర్వాత డోర్ లాక్ చెడిందని ఉచితంగా పిలవలేరు.

రెండోసారి వెళ్ళడానికి మరో కారణం స్పేర్ చేతిలో లేకపోవడం. ఫోన్‌లోనే మోడల్ స్టిక్కర్ ఫోటో అడగండి. ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషీన్‌కు సాధారణంగా తలుపు తెరిస్తే అంచు దగ్గర, ఫ్రిజ్‌కు లోపలి పక్కగోడ మీద ఉంటుంది. ఫోటోతోపాటు మరో నాలుగు అడగాలి: ఏ ప్రాంతం, ఎప్పటినుంచి ఈ తేడా, ఇంతకుముందు ఎవరైనా విప్పారా, ఇంట్లో ఎప్పుడు ఉంటారు. మీరు ఎక్కువసార్లు వాడే స్పేర్లు ఇరవై తీసి బండిలో ఎప్పుడూ ఉంచండి. డ్రెయిన్ పంపు, ఇన్‌లెట్ వాల్వ్, బెల్ట్, కెపాసిటర్, థర్మోస్టాట్, డీఫ్రాస్ట్ హీటర్, రిలే లాంటివి. వాడినవి వాడినట్టు వారానికి ఒక్కసారే తెచ్చి నింపండి. రోజూ కొట్టుకు వెళ్ళే అలవాటు చూడటానికి చిన్నదే, వారం మొత్తంలో ఒక సాయంత్రాన్ని తినేస్తుంది.

ఇప్పుడు ధర దగ్గరికి వద్దాం. వారానికి ఐదు రోజులు, రోజుకు ఐదు స్లాట్లు, ఆరోరోజు సగం పూట స్పేర్లకూ లెక్కలకూ, ఏడోరోజు పూర్తిగా సెలవు. ఇదీ లక్ష్యం. 25 స్లాట్లలో మూడు తిరిగి వెళ్ళేవాటికో ఖాళీకో పోతే డబ్బొచ్చే పనులు 22, ఒక్కోటి 75 నిమిషాల చొప్పున 27.5 గంటలు. ఏడాదిలో పండగలు, జ్వరాలు, ప్రయాణాలు కలిపి ఆరు వారాలు తీసేయండి. మిగిలిన 46 వారాలకు 1,265 గంటలు. మీరు ఏడాదికి అమ్మగలిగే గంటలు ఇవే. ఇంటి ఖర్చు, బండి, పనిముట్లు, ఫోన్, బీమా, పన్ను, పాతబడిన పనిముట్లకు బదులు కొత్తవి కొనడం, ఆపద నిధి, అన్నీ కలిపి వచ్చే ఏడాది మొత్తాన్ని ఈ 1,265తో భాగించాలి. వారానికి 48 గంటలు, ఏడాదికి 52 వారాలు అనుకుని 2,496తో భాగించేవాళ్ళే ఎక్కువ. అప్పుడు గంట ధర ఉండాల్సినదాంట్లో దాదాపు సగానికి వస్తుంది. మిగతా సగాన్ని రాత్రులూ ఆదివారాలూ పని చేసి పూడ్చుకుంటారు. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

భయపడకండి, ఒకేసారి రెట్టింపు చేయనక్కర్లేదు. ఆదివారాలు పక్కన పెడితే ఇప్పుడు వారానికి 30 పనులు చేస్తున్నారు, వాటిలో మూడు ఉచితంగా తిరిగి వెళ్ళేవనుకుంటే డబ్బొచ్చేవి 27. వాటిని 22కు తగ్గించి అదే లేబర్ ఆదాయం రావాలంటే ఛార్జీ సుమారు 23 శాతం పెరగాలి. అదే తిరిగి వెళ్ళే పనులను మూడునుంచి ఒకటికి తగ్గించగలిగితే డబ్బొచ్చేవి 24 అవుతాయి, అప్పుడు 12.5 శాతం పెంపు చాలు. చివర్లో తీసుకునే పది నిమిషాల పరీక్షకు అంత విలువ ఉంది. ఆరు వారాల సెలవులు మొదటి ఏడాదే కావాలంటే మరో 13 శాతం కలపాలి. దాన్ని రెండో ఏడాదికి వదిలేయడం మంచిది.

ధర పెంచితే కస్టమర్లు పోతారన్న భయానికీ లెక్క ఉంది. బిల్లు 100 అనుకోండి, అందులో స్పేర్లు, ఇంధనం 50. మీకు మిగిలేది 50. ధర 10 శాతం పెంచితే మిగిలేది 60. పాత మిగులే రావాలంటే 100 పనుల బదులు 84 చాలు. ఆరింటిలో ఒక పని పోయినా మీరు నష్టపోలేదు, పైగా ఆ గంటలు ఇంటికి మిగిలాయి. పోయేవాళ్ళు సాధారణంగా ఎవరంటే ప్రతిసారీ బేరమాడేవాళ్ళు, దూరంగా ఉండేవాళ్ళు, అరువు పెట్టేవాళ్ళు. కొత్త కస్టమర్లకు ఈరోజునుంచే కొత్త ధర చెప్పండి. పాతవాళ్ళకు నెలరోజుల ముందు రెండు వాక్యాల సందేశం చాలు. సంజాయిషీ ఇచ్చుకోవద్దు. సంజాయిషీ పొడవైతే బేరానికి తలుపు తెరిచినట్టు అవుతుంది.

విజిట్ ఛార్జీ తప్పనిసరిగా ఉండాలి. పని ఇచ్చినా ఇవ్వకపోయినా మీరు వెళ్ళి లోపం కనిపెట్టారు, అది నైపుణ్యమే. పని ఇస్తే బిల్లులో తగ్గిస్తానని చెప్పొచ్చు, అసలే ఉండదని మాత్రం చెప్పకండి. విజిట్ ఉచితం అన్నచోట కేవలం ధర కనుక్కోవడానికి పిలిచేవాళ్ళు పెరుగుతారు. తెప్పించాల్సిన స్పేర్‌కు దాని ఖరీదు మొత్తం ముందే తీసుకోండి. మిగతాది పని ముగిసిన వెంటనే, గుమ్మం దాటకముందే. అరువు వల్ల పోయేది డబ్బొక్కటే కాదు, వసూలు ఫోన్లన్నీ సాయంత్రం ఏడు తర్వాతే చేస్తారు.

ఫోన్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వ్యాపారానికి వేరే నంబర్ పెట్టండి, ఇంటి నంబర్లు కార్డు మీద వద్దు. మీ ఆవిడ సొంత నంబర్ అయితే అసలే వద్దు. వాట్సాప్ బిజినెస్‌లో పని వేళలు పెట్టుకోవచ్చు, ఆ వేళలు దాటాక దానంతటదే జవాబు వెళ్ళేలా ఎవే మెసేజ్ (Away message) పెట్టుకోవచ్చు, పదేపదే రాసేవాటిని క్విక్ రిప్లైలుగా దాచుకోవచ్చు. సందేశం ఇలా ఉంటే చాలు:

'నమస్తే. ఫోన్ వేళలు ఉదయం 8–9, మధ్యాహ్నం 1–1:30, సాయంత్రం 5:30–6:30. మీ ప్రాంతం, మెషీన్ స్టిక్కర్ ఫోటో, సమస్య రాసి పెట్టండి. తరువాతి వేళలో స్లాట్ చెప్తాను. కాలిన వాసన, షాక్, ఇంట్లోకి నీళ్ళు వస్తుంటే మెయిన్ స్విచ్ లేదా నీటి వాల్వ్ కట్టేసి వెంటనే కాల్ చేయండి.'

చివరి వాక్యం ముఖ్యం. అత్యవసరం అంటే ఏమిటో మీరు నిర్ణయించకపోతే కస్టమర్ నిర్ణయిస్తారు. ప్రాణానికి ప్రమాదం, నష్టం నిమిషనిమిషానికీ పెరగడం, మందులు చల్లగా ఉంచాల్సిన రోగి ఇంట్లో ఉండి ఫ్రిజ్ ఆగిపోవడం, ఈ మూడే చాలు. వీటికి కూడా స్విచ్ కట్టడం, వాల్వ్ మూయడం ఫోన్‌లో చెప్తే కొన్ని పొద్దునదాకా ఆగుతాయి. ఆగనివాటికి వేళ దాటాక ఒకటిన్నర రెట్లు ఛార్జీ తీసుకోండి, ముందే చెప్పి. రాత్రి పదికి ఒక్కసారి ఫోన్ ఎత్తి మాట్లాడితే ఆ కస్టమర్ మళ్ళీ పదికే చేస్తారు. అది వాళ్ళ తప్పు కాదు, మనం అలవాటు చేశాం.

స్లాట్ చెప్పేటప్పుడు 'పదింటికి' అనకండి, 'పదికీ పన్నెండుకీ మధ్య' అనండి. ముందురోజు సాయంత్రం ఒక సందేశం, బయల్దేరేటప్పుడు ఒకటి. 'ఎక్కడున్నారు' అనే ఫోన్లు దాదాపు ఆగిపోతాయి, తలుపు తాళం చూసి వెనక్కి రావడమూ తగ్గుతుంది.

మీ ఆవిడ గురించి రెండే ముక్కలు రాశారు, నాకు అన్నిటికన్నా ఆందోళనగా అనిపించింది అక్కడే. జీతం లేకుండా, వేళ లేకుండా, కాదనే అధికారం లేకుండా ఆవిడ మీ రిసెప్షనిస్టు అయ్యారు. కోపంగా ఉన్న కస్టమర్ మాటలు ముందు పడేది ఆవిడే. పిల్లవాడికి అన్నం పెడుతూ ఫోన్ ఎత్తుతున్నారు. ముందు ఆవిడకు ఇష్టమేనా అని అడగండి, నిజంగా అడగండి. ఇష్టం లేదంటే పై సందేశం, మూడు ఫోన్ వేళలతో మీరే నడపగలరు. ఇష్టమే అంటే రోజుకు ఎన్ని గంటలో రాసుకోండి, ఆ గంటలకు జీతం ఆవిడ ఖాతాలో వేయండి. స్లాట్ ఇవ్వడం, ఇవ్వనని చెప్పడం పూర్తిగా ఆవిడ చేతిలో ఉండాలి. ఆవిడ 'ఈ వారం లేదు' అన్నాక కస్టమర్ మీకు నేరుగా ఫోన్ చేస్తే మీరు ఒప్పుకోకూడదు. ఒక్కసారి ఒప్పుకున్నా ఆవిడ మాటకు విలువ పోతుంది.

వారానికి ఒకసారి, ఒకే రోజు ఒకే వేళకు, అరగంట ఇద్దరూ కూర్చోండి. వచ్చే వారం క్యాలెండర్, ఖాతాలో ఉన్నదీ కట్టాల్సిందీ, పిల్లల్ని ఎవరు తీసుకురావాలి, పెద్దవాళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్లు. క్యాలెండర్‌లో ముందు ఇంటివే రాయండి, తరువాతే కస్టమర్లకు స్లాట్లు. బడిలో కార్యక్రమం కూడా ఒక స్లాటే, దాని పేరు 'బుక్ అయింది'. కస్టమర్‌కు కారణం చెప్పనక్కర్లేదు. ఈ అరగంట ఉంటే మిగతా రోజుల్లో భోజనం దగ్గరా, పడుకునే ముందూ వ్యాపారం మాట్లాడటం చాలావరకు తగ్గుతుంది. అప్పులుంటే ఆ అరగంటలోనే బయటపెట్టండి. దాచిన అప్పు మనిషిని ఇంట్లో ఉన్నా లేనట్టు చేస్తుంది.

రోజూ పిల్లలతో గడుపుతానని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. వారంలో రెండు సాయంత్రాలు, ఒక పూర్తి రోజు ఇవ్వండి, కానీ అవి కదలకూడదు. ఇంటికి రాగానే పనిముట్ల సంచి ఒకచోట పెట్టి, వ్యాపారం ఫోన్ దాని పక్కనే సైలెంట్‌లో పెట్టి, స్నానం చేసి, పదిహేను నిమిషాల తర్వాత పిల్లల దగ్గరికి వెళ్ళండి. ఆ విరామం లేకపోతే చివరి కస్టమర్ మీద చిరాకు పిల్లల మీద పడుతుంది.

డబ్బుకు రెండు ఖాతాలు ఉండాలి. వసూలంతా వ్యాపార ఖాతాలోకి. అక్కడినుంచి ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే మొత్తం ఇంటి ఖాతాలోకి, మీ జీతంలా. పన్ను భాగం ప్రతి వారం పక్కన పెట్టేయండి. గడువు దగ్గర పడ్డాక వెతుక్కుంటే ఆ నెల ఆదివారాలన్నీ పనికే పోతాయి. మూడు నెలల ఇంటి ఖర్చు, ఒక నెల వ్యాపార ఖర్చు నిల్వ ఉండేదాకా కొత్త బండి, కొత్త మెషీన్ ఆలోచన వద్దు. నిల్వ లేనివాడు చెడ్డ పనిని కాదనలేడు.

మీకు జ్వరం వస్తే ఏమవుతుందో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఇదే పని చేసే నమ్మకమైన మరో మనిషితో ఒప్పందం పెట్టుకోండి: ఒకరు పడుకుంటే మరొకరు వెళ్తారు, లేబర్ మొత్తం వెళ్ళినవారిదే, కస్టమర్ మాత్రం మొదటివారి దగ్గరే ఉంటారు, కార్డు ఇవ్వకూడదు. ఆరోగ్య బీమా, ప్రమాద బీమా రెండూ ఉండాలి. మీ రెండు చేతులే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

సహాయకుణ్ణి పెట్టుకోవడానికి తొందరపడకండి. ధర పెంచాక కూడా పది పన్నెండు వారాలపాటు స్లాట్లు దొరకక పనులు వెనక్కి పంపుతుంటే అప్పుడు ఆలోచించవచ్చు. మొదటి మూడు నెలలు మీ పని పెరుగుతుందే తప్ప తగ్గదు. నేర్పాలి, చేసింది చూడాలి, అతని తప్పులకు మీరే తిరిగి వెళ్ళాలి. ఇంట్లో పసిపిల్లలున్న ఏడాది ఆ పనికి అనువైనది కాదని నా అభిప్రాయం.

గిరాకీ ఎక్కువగా ఉండే కాలంలో ఈ పద్ధతి కొంత సడలుతుంది, అది సహజం. అయితే అది ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో ఇంట్లో ముందే చెప్పండి, తరువాత వచ్చే మందకొడి వారాల్లో సెలవు రోజులు కూడా అప్పుడే క్యాలెండర్‌లో రాసేయండి. వార్షిక నిర్వహణ ఒప్పందాల కింద చేసే శుభ్రతలు, తనిఖీలు ఆ మందకొడి నెలలకే జరపండి.

అన్నీ ఒకే వారంలో మార్చకండి. మొదట రెండు వారాల నోట్‌బుక్, తరువాత ప్రాంతాల రోజులూ ఫోన్ వేళలూ, నెల తర్వాత కొత్త ధర. ధర మారిన మొదటి మూడు నాలుగు వారాలు ఫోన్లు తగ్గినట్టు కనిపిస్తాయి, ఒకరిద్దరు పాతవాళ్ళు నొచ్చుకుంటారు. చాలామంది అక్కడే వెనక్కి తగ్గి పాత ధరకు వెళ్ళిపోతారు. మీరు పన్నెండు వారాలు ఆగి మూడు అంకెలు చూడండి: వారానికి డబ్బొచ్చిన గంటలు, తిరిగి వెళ్ళిన పనులు, సాయంత్రం 7లోపు ఇల్లు చేరిన రోజులు. మూడో అంకె వారానికి నాలుగు దాటకపోతే అన్నిటికన్నా దూరంగా ఉన్న ప్రాంతాన్ని వదిలేయండి. అక్కడి కస్టమర్లను మీరు ఒప్పందం పెట్టుకున్న మనిషికి అప్పగించండి.